నాలుగు వేళ్ళ సందు

కారున్నవాడికి కారు బాధ, లేనివాడికి కారున్న చుట్టాల బాధ. నేను రెండో తెగకు చెందినవాణ్ణి. పెద్దకడుబూరులో బస్సెక్కి ఆదోనికి పోయి, కాలేజీలో పిల్లలకు ఉత్పలమాలకూ చంపకమాలకూ ఉన్న తేడా చెప్పి, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి ఇల్లు చేరుకునే మనిషిని. అట్లాంటివాణ్ణి 2024 కార్తీకమాసంలో మూడు వారాలపాటు కారు తప్ప వేరే ధ్యాస లేకుండా గడిపాను. గణాలు లెక్కపెట్టవలసిన వేళ్ళతో కారు చక్రానికీ పైరేకుకూ మధ్య ఉన్న సందును లెక్కపెట్టాను. తెలుగు మాష్టారుకు ఇదేం రోగమని మా ఇంట్లోనే అన్నారు. మీరూ అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టి వినండి.

కారు మా అన్నది. సొంత అన్న కాదు, మా పెద్దనాయన కొడుకు. మా పడమటి సీమలో వాన ముఖం చాటేసిన ఏడు ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే పంటకోతల కాలం. మావాళ్ళ నోట మాత్రం దానికి పొట్ట చేతపట్టుకొని పరాయి జిల్లాకు పోవడమనే అర్థం స్థిరపడిపోయింది. మా అన్నకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు మా పెద్దమ్మ వాణ్ణి వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీలో పోయేది. తొట్టిలో మూటలు, మూటల మీద మనుషులు, రాత్రంతా ప్రయాణం. గుంత వచ్చినప్పుడల్లా మనిషి జానెడు పైకి లేచి కింద పడేవాడట. ఆ పిల్లవాడే పెద్దయి బెంగుళూరు చేరి, సెంట్రింగు కూలీగా మొదలుపెట్టి, మేస్త్రీ అయి, చివరికి ఇళ్ళు కట్టించే చిన్న కంట్రాక్టరు అయ్యాడు.

2021లో అతను ఒక పాత జర్మనీ కారు కొన్నాడు. కంపెనీ పేరు మనకిక్కడ అనవసరం. పాతది అంటే పదకొండేళ్ళది. కొత్తలో ఏ మిల్లు యజమానో, ఏ మంత్రిగారి బావమరిదో ఎక్కి తిరిగి ఉంటాడు. ఆరు లక్షలకు వచ్చింది. “చిన్నకారు ధరకు రాజుగారి కారు దొరికింది తమ్ముడూ!” అని మా అన్న మురిసిపోయాడు. నేనూ మురిశాను. ధర తగ్గిన కారుకు విడిభాగాల ధర కూడా తగ్గుతుందని ఎందుచేతనో ఇద్దరమూ అనుకున్నాం.

ఈ కారు కొనడంలో డాబు లేకపోలేదు కానీ, అసలు కారణం మా పెద్దమ్మ వెన్నెముక. 2019లో బోరింగు దగ్గర పాచి మీద జారిపడి వెన్నుపూస చితికింది. కర్నూలు డాక్టరు ఆపరేషను వద్దని, రెండు నెలలకొకసారి తీసుకువచ్చి చూపించమని, కుదుపు మాత్రం తగలనీయవద్దని చెప్పాడు. చెప్పడం సులభం. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైన ఎంత చక్కని తారు పరిచినా కింద నేల ఏటేటా ఊపిరి పీల్చి వదులుతూనే ఉంటుంది. అందుచేత మా రోడ్లు గుంతలు లేనిచోట కూడా అలలు అలలుగా ఉంటాయి. ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు దాటి కర్నూలు చేరేసరికి పెద్దమ్మ బస్సులో అయితే పళ్ళబిగువున ఏడ్చేది. ఈ కారులో మొదటిసారి పోయినప్పుడు కోడుమూరు దగ్గర చూస్తే నిద్రపోతున్నది. తిరిగివచ్చాక, “నులకమంచం మీద పండుకొని పోయినట్టుంది నాయనా” అన్నది. మా అన్న ఆ రాత్రి నాకు ఫోను చేసి ఆ మాటే మూడుసార్లు చెప్పాడు.

అంత సుఖానికి మర్మం ఏమిటంటే, ఆ కారు ఇనుప స్ప్రింగుల మీద నిలబడదు, గాలి మీద నిలబడుతుంది.

గాలి మీద కూర్చుని పోవాలన్న ఆశ మనిషికి ఇవాళ్టిది కాదు. స్కాట్లండువాడు రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి నింపిన చక్రపు పట్టాకు పేటెంటు పుచ్చుకున్నాడు. లోకం పట్టించుకోలేదు. 1888లో డన్లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించబోయి, అదే పని మళ్ళీ చేసి పేరు కొట్టేశాడు. టైరులోకి ఎక్కిన గాలిని, కమాను కట్టల స్థానంలో కూడా కూర్చోబెడితే ఏమన్న ఆలోచన ఆ తరువాత వచ్చింది. 1957లో అమెరికాలో కాడిలాక్ వారు ఎల్డొరాడో బ్రోహామ్ అనే మహారాజుల కారుకు నాలుగు చక్రాల దగ్గరా గాలితిత్తులు పెట్టారు. అవి గాలి నిలపలేక యజమానులను ఏడిపించాయి. చాలామంది వాటిని పీకించి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. అయినా ఆశ చావలేదు. 1961లో మెర్సిడెస్ వారు తమ 300 ఎస్‌ఇ కారుకు గాలి సస్పెన్షను పెట్టారు. 1998లో వచ్చిన వారి ఎస్ క్లాసు కార్లకు ఎలక్ట్రానిక్ లెక్కలతో నడిచే గాలి సస్పెన్షనే వచ్చింది. మన దేశంలో సామాన్యుడికి ఆ సుఖం రుచి చూపించినవి 2001లో దిగిన వోల్వో బస్సులు. వాటి అడుగున కూడా ఉన్నవి గాలితిత్తులే.

తిత్తి అన్న మాట నేను కావాలనే వాడుతున్నాను. కమ్మరి కొలిమి దగ్గర ఉండేది తిత్తి. దేహాన్ని తోలుతిత్తి అని తత్త్వాలు పాడినవారూ అనేవారు. కారులో ఉన్నదీ అదే, కాకపోతే తోలు బదులు పోగులు నేసి కలిపిన రబ్బరు. దాని నడుమ షాకబ్జారు ఉంటుంది. రెండూ కలిసి ఒక స్తంభంలాగా చక్రానికీ కారు బాడీకీ మధ్య నిలబడతాయి. దాన్నే స్ట్రట్టు అంటారు. చక్రం పైకి లేచినప్పుడల్లా తిత్తి అంచు తనలోకి తానే మేజోడు మడిచినట్టు మడుచుకొని, మళ్ళీ విప్పుకుంటుంది. టైరులో ముప్పై రెండు పౌన్ల గాలి ఉంటే, ఈ తిత్తిలో అంతకు మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా పైన ఉంటుంది. చిన్న కంప్రెసరు ఒకటి గాలి పంపుతుంది. చక్రం దగ్గర ఒక చిన్న మీట ఎత్తు కొలిచి పైకి కబురు చెబుతూ ఉంటుంది. వెనక సీటులో నలుగురు కూర్చుంటే కారు కుంగదు. ఆ చక్రాల తిత్తులకు మరికొంత గాలి వస్తుంది. ఇనుప స్ప్రింగుకు ఈ తెలివి లేదు. ఖాళీ కారుకూ నిండు కారుకూ దాని దగ్గర ఉన్నది ఒకటే బిగువు.

ఇంత తెలివీ ఆధారపడి ఉన్నది ఆ రబ్బరు మడత మీద. రబ్బరుకు ముసలితనం ఉంది. కారు తిరిగినా వస్తుంది, షెడ్డులో పెట్టినా వస్తుంది. ఎండ, దుమ్ము, ఏళ్ళు, ఈ మూడూ కలిస్తే మడత దగ్గర సన్నని పగుళ్ళు పుడతాయి. మా ఊళ్ళో మూడింటికీ కొదువ లేదు.

కార్తీకంలో ఒకనాటి పొద్దున మా పెద్దమ్మ వాకిట్లో ముగ్గు చూసుకుంటూ, “వొరేయ్, మీ కారు కాలు మడుసుకొని కూసోనుండాది సూడండ్రా” అని కేకేసింది. చూద్దుము గదా, ముందు ఎడమవైపు చక్రం మీదికి పైరేకు వాలిపోయి ఉన్నది. అలసిన ఎద్దు ముంగాలు ముడిచినట్టే ఉంది. అన్న ఇంజను తిప్పగానే ఎక్కడో గుర్రుమని చప్పుడయింది. రెండు నిమిషాలకు కారు మెల్లగా లేచి నిలబడింది. “ఏమీ లేదు, చలికి బిగుసుకుంది” అన్నాడు. మరునాడూ అంతే. నాలుగోనాడు లేవడానికి ఆరు నిమిషాలు పట్టింది.

ఇక్కడే అందరూ చేసే తప్పు మేమూ చేశాం. లేస్తున్నది కదా అని నడిపించాం. రాత్రంతా తిత్తి గాలి వదులుతూ ఉంటే, కారు నడిచినంతసేపూ కంప్రెసరు దాన్ని నింపుతూనే ఉంటుంది. అది నిమిషమో రెండు నిమిషాలో పనిచేసి విశ్రాంతి తీసుకోవలసిన యంత్రం. దానిచేత అడ్డపొద్దు వరకూ నీళ్ళు తోడిస్తే ఏమవుతుంది? తొమ్మిదోనాడు కాలిన వాసన వచ్చింది. చప్పుడు లేదు. కారు ఇక లేవలేదు. ఒక చిల్లు పోయేదానికి రెండు ఖర్చులయ్యాయి.

ఆదోని నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. మంచివాడే, ట్రాక్టర్లు, జీపులు అతని చేతిలో బొమ్మలు. “సార్, ఇది ఒగటే మారిస్తే సాలు. బెంగుళూరులో యాక్సిడెంటు బండిది పాత ముక్క దొరుకుతాది, తెప్పిస్తా” అన్నాడు. చవక అన్న మాట చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో! లీకు ఎక్కడో తెలుసుకోవాలని సబ్బునీళ్ళు కలిపారు. జాకీ ఎత్తారు కానీ కింద స్టాండ్లు పెట్టలేదు. అతని దగ్గర పనినేర్చుకునే పదహారేళ్ళ పిల్లవాడు చక్రం సందులో చెయ్యి పెట్టి స్పంజితో సబ్బునీళ్ళు రాస్తున్నాడు. జాకీ నేలలోకి దిగబడిందో, పక్కకు ఒరిగిందో నేను చెప్పలేను. మా అన్న “చెయ్యి!” అని అరిచాడు. పిల్లవాడు లాక్కున్నాడు. కారు దిగిన తరువాత చూస్తే, పసుపుపచ్చ స్పంజి టైరుకూ రేకుకూ నడుమ అట్టముక్కలాగా నొక్కుకుపోయి ఉన్నది. పిల్లవాడు తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ నవ్వాడు. నాకు కాళ్ళలో వణుకు పుట్టి అరుగు మీద కూర్చున్నాను. రెండు టన్నుల బరువును గాలి మోస్తున్నప్పుడు అది మోస్తున్నట్టే కనబడదు. ఇట్లాంటి కారు చక్రం సందులో, ఇంజను ఆగి ఉన్నా సరే, చేయి పెట్టకండి. స్టాండ్లు లేకుండా కిందికి దూరేవాణ్ణి దూరనివ్వకండి.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయతీ జరిగింది. అమ్మేద్దామని వదిన. కూలబడిన కారును ఎవడు కొంటాడని అన్న. ఇంతలో కర్నూలు పోవలసిన రోజు వచ్చింది. తెలిసినవారి చిన్నకారు అడిగి తీసుకొని పోయాం. కొత్త కారు, మంచి కారు, దానిమీద నాకేమీ ఫిర్యాదు లేదు. కానీ పెద్దమ్మ తిరిగివచ్చి రెండురోజులు మంచం దిగలేదు. నొప్పి అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నది. మూడోనాడు అన్న లారీ మాట్లాడి కారును దానిమీదికి ఎక్కించి బెంగుళూరు పంపాడు. నేను రెండురోజులు సెలవు పెట్టి వెంట పోయాను. ఎందుకు పోయానంటే, ఆ స్పంజిని మరిచిపోలేక.

అక్కడ ఇదే పని చేసే ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. కన్నడం, తెలుగు, అరవం మూడూ కలిపి మాట్లాడతాడు. ఆయన ముందు దారులన్నీ పరిచాడు. ఒకటి, పాత కారు నుంచి తీసిన పాత స్ట్రట్టు. “దాని రబ్బరుకు కూడా మీ రబ్బరు వయసే సార్. ముసలివాణ్ణి తీసేసి ఇంకో ముసలివాణ్ణి నిలబెడతారా?” అన్నాడు. ఇంకొకటి, గాలి వ్యవహారమంతా తీసేసి కాయిలు స్ప్రింగులు వేయడం. చవక, మన్నిక. 1957 నాటి కాడిలాక్ యజమానులు చేసిన పనే ఇది. అద్దం కింద ఒక హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది, దాన్ని ఆర్పడానికి మరొక డబ్బా పెట్టాలి. బిగువు మాత్రం మామూలు కారు బిగువే. కుర్రవాళ్ళ కారైతే నేనే అది చేయించమనేవాణ్ణి. మూడోది, తిత్తి మాత్రం కొత్తది వేసి బాగుచేసినవి. లోపలి షాకబ్జారు పాతదే కనుక, అది బాగుంటేనే ఈ లాభం. చివరిది, కొత్తవి. ముందు రెండూ, కంప్రెసరూ, కూలీ అంతా కలిసి మూడు లక్షల ఎనభై వేలు. ఆరు లక్షల కారుకు!

“రెండు ఎందుకు? పోయింది ఎడమదే కదా” అన్నాడు అన్న. మేస్త్రీ మాట్లాడకుండా సబ్బునీళ్ళ సీసా తీసుకొని కుడి స్ట్రట్టు మడత మీద చల్లాడు. ఆవగింజలంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. “కవలలు సార్. ఒకే రోజు పుట్టారు. ఇవాళ వీణ్ణి వదిలేస్తే ఈ కొత్త కంప్రెసరును వీడు కాల్చేస్తాడు.”

అన్న గోడవైపు తిరిగి ఎవరికో ఫోను చేశాడు. ఆ ఏడు తన ఐదెకరాల పత్తి ఆదోని యార్డులో అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. అదీ, ఇంకొకచోట చేబదులు తెచ్చిందీ కలిపాడు.

పని చూడటానికి నన్ను స్టూలు మీద కూర్చోనిచ్చారు. మొదట కారును నాలుగు స్తంభాల లిఫ్టు మీద కాదు, బాడీని పట్టి ఎత్తే లిఫ్టు మీదికి ఎక్కించి చక్రాలు వేలాడేట్టు చేశారు. కంప్యూటరు తగిలించి తిత్తుల్లో మిగిలిన గాలిని మెల్లగా విడిచారు. ఉస్సుమని చాలాసేపు వచ్చింది. ఆ తరువాతే స్పానరు పట్టారు. పైన మూడు నట్లు, ఒక గాలిగొట్టం, షాకబ్జారుకు పోయే కరెంటు తీగ, కింద ఒక బోల్టు. ఇంతే దాని సంసారం. ఊడివచ్చిన పాత స్ట్రట్టును మేస్త్రీ నా చేతికిచ్చి, మడత విప్పి చూడమన్నాడు. చుట్టూ సన్నని నెర్రెలు. వేసవిలో మా చేను ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. కంప్రెసరు విప్పితే, గాలిలోని తేమను పీల్చడానికి పెట్టిన గుండ్లు తడిసి ముద్దకట్టి ఉన్నాయి. ఆ తేమే గొట్టాల్లోకీ కవాటాల్లోకీ పోయి పాడుచేస్తుందట. వాటిని ఆరబెట్టించాడు. కంప్రెసరుకు కరెంటు అందించే రిలేను కూడా మార్చాడు. పాతది అంటుకుపోతే కొత్త కంప్రెసరు ఆగకుండా తిరిగి తిరిగి చస్తుందన్నాడు. అది ఖరీదులో అన్నిటికంటే చిన్నది.

కొత్త స్ట్రట్లు బిగించాక మా అన్న ఆత్రంగా, “దించండి, చూద్దాం” అన్నాడు. మేస్త్రీ కసురుకున్నాడు. గాలి లేని తిత్తి మీద బరువు పడితే మడత వంకరగా పడి కొత్త రబ్బరు ఆ క్షణంలోనే నలిగి చిరుగుతుంది. కారు పైన ఉండగానే గాలి నింపి, తిత్తి గుండ్రంగా పొంగినాక, కొంచెం కొంచెంగా దించారు. నేల మీద నిలబడ్డాకనే కింది బోల్టు చివరి బిగింపు బిగించారు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే అక్కడి రబ్బరు బుష్షు మెలిపడి ఉండిపోతుందట. ఆ పైన టేపుతో నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి, ఆ అంకెలు కంప్యూటరుకు చెప్పారు. రాత్రికి అక్కడే వదిలేయమన్నాడు. పొద్దున పోయి చూస్తే రాత్రి వేసిన సుద్దగీత దగ్గరే ఉంది. అప్పుడుగాని డబ్బు తీసుకోలేదు. ఇట్లాంటి పాతకారు కొనబోయేవారు ఈ సుద్దగీత పరీక్ష కొనకముందే చేసుకొంటే మా అన్న పడ్డ పాట్లు తప్పుతాయి. సాయంత్రం నిలిపిన చోట కదపకుండా ఉంచి, పొద్దున ఇంజను తిప్పకముందే నాలుగు మూలలా కొలవాలి. అమ్మేవాడు ముందుగానే ఇంజను తిప్పి ఉంచితే, వాణ్ణి మరునాడు మళ్ళీ వస్తామనండి.

ఖర్చు సంగతి పెద్దమ్మకు చెప్పగూడదని దారిలో అన్న నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఊరు చేరిన గంటలోనే ఆమె నన్ను పక్కకు పిలిచి, “ఎంతయింది సిన్నోడా?” అన్నది. ముప్పై ఏళ్ళ వయసు వచ్చిన శిష్యుల ముందు ఎన్నో అబద్ధాలు నెగ్గించాను గాని, మా పెద్దమ్మ ముందు నెగ్గించలేను. చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “రెండు రబ్బరు తిత్తులకా? ఎద్దుల జత వొచ్చేది గదరా” అన్నది. కాసేపాగి, “ఆ లారీ సంగతి వాడింకా మర్సిపోలేదేమో” అన్నది. నేను జవాబు చెప్పలేదు.

తరువాతి వారమే కర్నూలు పోయాం. గోనెగండ్ల దాటగానే నిద్రపోయింది.

అప్పటి నుంచి ముగ్గు వేయించడం అయిపోగానే ఆమె చేతికర్ర ఆనించుకొని కారు ముందుకు పోయి నిలబడుతుంది. చక్రం సందులో చెయ్యి పెట్టనని నేను మాట తీసుకున్నాను. అందుకని బయటనే, రెండడుగుల దూరంలో, ఒక కన్ను మూసి, టైరుకూ రేకుకూ మధ్య తన వేళ్ళు అడ్డంగా పట్టి చూస్తుంది. ఎడమవైపు చూసి, చుట్టూ తిరిగి కుడివైపు చూస్తుంది. బెంగుళూరులో ఉన్న కొడుకుకు ఏడు గంటలకు ఫోను పోతుంది.

“నాలుగేళ్ళుండాది నాయనా. రెండుపక్కలా.”